వెబ్ సాకెట్ సందేశ వ్యవస్థ: గుణదోష విచారణ

2025 జనవరి 30వ తేదీన ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము "మన మిత్ర" అను పేరుతో వాట్సాప్ ద్వారా పౌర సేవలను ప్రారంభించినది. ఆనాడు 161 సేవలు ఈ మార్గమున లభించినవి. అదే సంవత్సరము ఏప్రిల్ 12న వెలువడిన ఇంటర్మీడియట్ ఫలితములను కూడ విద్యార్థులు ఈ మార్గమున తెలిసికొనగలిగిరి. నెల్లూరు జిల్లాలో, కావలికి పడమట నున్న జలదంకి మండలపు విద్యార్థి ఫలితము కొరకు బస్సెక్కి పోవలసిన పని లేకపోయినది. చేతిలోని ఫోనే ప్రకటన ఫలకమైనది.

ఇది మెచ్చదగిన సౌకర్యమే. అయితే దీని వెనుక ఒక ఊహ దాగియున్నది. ఫోనునకును, దూరముననున్న సర్వరునకును నడుమ సంబంధము తెగకుండ నిలిచియుండుననునదే ఆ ఊహ. జలదంకి నుండి కలిగిరి, వింజమూరు దాటి ఉదయగిరి వైపు పోవుకొలది భూమి మెట్టయగును, వెలిగొండలు దగ్గరపడును. కొండ చాటున సెల్ టవరు సంకేతము క్షీణించుట, విద్యుత్తు పోయినపుడు టవరు బ్యాటరీపై నడచి తుదకు ఆగుట, బస్సులో పోవుచుండగా ఒక టవరు పరిధి నుండి మరియొక దాని పరిధిలోనికి మారుట - ఇవి అట్టి ప్రాంతములలో అరుదైన ప్రమాదములు కావు. నిత్య జీవితములోని సంగతులు. కావున సందేశములను పంపి అందుకొను కార్యక్రమమును పరీక్షింపవలసినది సంబంధము ఉన్నపుడు కాదు, తెగినపుడు. ఈ గీటురాయిపై నేటి సందేశ యంత్రముల నిర్మాణ పద్ధతిని, అందులోను వెబ్ సాకెట్ అను సాధనమును, దానితో జతగా బోధింపబడు "ప్రతిస్పందనాత్మక" రచనా విధానమును పరిశీలించుట అవసరము.

జాబు నుండి టెలిఫోనునకు

వెబ్ సాకెట్ లేని కాలమున బ్రౌజరు సర్వరుతో మాటలాడు తీరు జవాబు కార్డును పోలియుండెను. బ్రౌజరు ఒక ప్రశ్న పంపును; సర్వరు ఒక జవాబిచ్చును; అంతటితో వ్యవహారము ముగియును. హెచ్.టి.టి.పి. అను నియమావళి సారమిదే. వార్త చదువుటకు ఇది చాలును. సంభాషణకు చాలదు. ఎదుటివారు ఎప్పుడు పలుకుదురో ముందుగా తెలియదు గనుక, "నాకేమైన ఉత్తరమున్నదా?" అని పోస్టుమానును మాటిమాటికి అడిగినట్లు బ్రౌజరు సర్వరును అడుగుచుండవలెను.

దీని వ్యయమును లెక్కింపవచ్చును. 5 సెకండ్లకొక పర్యాయము అడిగినచో గంటకు 720, రోజునకు 17,280 ప్రశ్నలగును. ఒక్కొక్క ప్రశ్నతోపాటు పోవు శీర్షికలు 500 బైట్లని అనుకొన్నచో, ఒక్క సందేశమైనను రాకపోయినను రోజునకు 86,40,000 బైట్లు వృథాగా పోవును. జవాబు వైపు వ్యయము దీనికి అదనము.

ఈ వృథాను నివారించుటకై 2008 ప్రాంతమున హెచ్.టి.ఎం.ఎల్. 5 రూపకల్పనలో వెబ్ సాకెట్ అను ఆలోచన రూపొందినది. ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్ దీనిని 2011 డిసెంబరులో 6455వ సంఖ్య గల పత్రముగా ప్రకటించినది. ఇయాన్ ఫెట్, అలెక్సీ మెల్నికోవ్ దాని రచయితలు.

పద్ధతి సులభమైనదే. బ్రౌజరు మొదట మామూలు హెచ్.టి.టి.పి. ప్రశ్ననే పంపుచు, "ఇకపై వెబ్ సాకెట్ నియమములతో మాటలాడుదము" అని కోరును. దానితో 16 బైట్ల యాదృచ్ఛిక సంఖ్యను సంకేతరూపమున జతచేయును. సర్వరు దానికొక నిర్ణీత గుర్తును కలిపి, షా-1 అను గణితక్రియ జరిపి, ఫలితమును 101 అను జవాబుతో తిరిగి పంపును. ఆ ఫలితము సరిపోయినచో మార్గము తెరచుకొన్నట్లే. అటుపిమ్మట ఇరుపక్షములలో ఎవరైనను, ఎపుడైనను మాటలాడవచ్చును. జవాబు కార్డు పోయి, రెండు వైపులా తెరచిన టెలిఫోను వచ్చినది.

పొదుపు ఎంతయో తెలియుటకు "జలదంకి" అను మాటనే పంపి చూడవచ్చును. వెబ్ సాకెట్ వచనమును యు.టి.ఎఫ్.-8 రూపములో మాత్రమే అంగీకరించును. అందు తెలుగులిపి చిహ్నమొక్కటికి 3 బైట్లు. జ, ల, ద, సున్న, క, గుడి - ఈ 6 చిహ్నములకు 18 బైట్లు. బ్రౌజరు నుండి పోవు చిన్న పొట్లమునకు శీర్షిక 2 బైట్లు, దానిని మరుగుపరచు తాళపు సంఖ్య 4 బైట్లు. మొత్తము 24 బైట్లతో మాట చేరును. పూర్వము ఒక వట్టి ప్రశ్నకే 500 బైట్లు వ్యయమైన చోట ఇది గొప్ప లాభము. మందగతి సంబంధము గల పల్లెకు ఈ లాభము పట్టణమున కంటె ఎక్కువ విలువైనది. ఈ విషయమున వెబ్ సాకెట్‌ను ఎంత ప్రశంసించినను తగును.

తెగినది తెలియని తీగ

ఇక దోషముల సంగతి. పాఠములందును, శిక్షణ తరగతులందును సాధారణముగా చూపు నమూనా ఇట్లుండును: సాకెట్‌ను తెరువుము, సందేశము రాగానే తెరపై చూపుము, మీట నొక్కగానే పంపుము. ముప్పది పంక్తులలో పని ముగియును. రెండు యంత్రములను ఒకే గదిలో నుంచి ఉపాధ్యాయుడు ప్రదర్శించినపుడు అద్భుతముగా పనిచేయును. విద్యార్థులు చప్పట్లు చరచెదరు. కాని ఆ నమూనా మూడు ప్రశ్నలకు జవాబు చెప్పజాలదు.

మొదటి ప్రశ్న: సంబంధము తెగినట్లు ఎట్లు తెలియును? వెబ్ సాకెట్ క్రింద టి.సి.పి. అను రవాణా నియమావళి కలదు. ఒక పక్షము మర్యాదగా సెలవు తీసికొన్నచో రెండవ పక్షమునకు వెంటనే తెలియును. ఫోను కొండ చాటునకు పోయినపుడు సెలవు చెప్పువారెవరును లేరు. పంపినదానికి జవాబు రాక, టి.సి.పి. మరల మరల ప్రయత్నించుచుండును. లినక్స్ యంత్రములలో మామూలు అమరికతో ఈ ప్రయత్నములు సుమారు 15 నిమిషములు సాగును. పంపునదేమియు లేనిచో, ఉనికిని విచారించు టి.సి.పి. తనిఖీ సదుపాయమును వాడినను అది మామూలుగా 2 గంటల తరువాతనే మొదలగును. అంతవరకు సర్వరు దృష్టిలో ఆ విద్యార్థి "ఉన్నాడు". తెరపై పచ్చచుక్క వెలుగుచుండును, మనిషి లేడు.

ఇందుకు ప్రమాణపత్రములో "పింగ్", "పాంగ్" అను చిన్న పొట్లములు విధింపబడినవి. ఒకరు పలుకరించగా రెండవవారు బదులు పలుకవలెను. అయితే బ్రౌజరులోని కార్యక్రమ రచయితకు వీనిని పంపు అధికారము ఇవ్వబడలేదు. సర్వరు పలుకరించినచో బ్రౌజరు తనంతట తానే బదులు చెప్పును. కార్యక్రమమునకు ఆ సంగతి తెలియదు. కనుక రచయిత తన సొంత పలుకరింపును మామూలు సందేశముగా కల్పించుకొనవలసి వచ్చుచున్నది.

రెండవ ప్రశ్న: పంపినది చేరినదా? బ్రౌజరులోని "సెండ్" అను ఆజ్ఞ ఏ జవాబును తిరిగి ఇయ్యదు. సాకెట్ ఇంకను తెరచుకొనకముందే పంపబోయినచో దోషమని అరచును. అంతవరకు మేలు. కాని సాకెట్ మూతపడిన పిమ్మట పంపినచో ఏమియు అరవదు. సందేశమును నిశ్శబ్దముగా పారవేయును. పంపుటకు మిగిలిన బైట్ల లెక్కను మాత్రము పెంచి ఊరకుండును. సంతకము పెట్టించి తెచ్చు రసీదు లేదు సరిగదా, "పెట్టె మూసియున్నది" అను హెచ్చరికయైనను లేదు. ఈ లోపమునకు సాకులు వెదకుట కష్టము.

మూడవ ప్రశ్న: అందుకొనువాడు తట్టుకొనలేనంత వేగముగా సందేశములు వచ్చినచో గతి ఏమి? చెరువు క్రింది రైతు తన మడికి ఎంత నీరు కావలెనో అంతకే తూము ఎత్తించును. మడి నిండగానే తూము దింపనిచో గట్టు తెగును. అందుకొనువాడు "ఇక చాలు, ఆగుము" అని పంపువానికి తెలుపగల శక్తిని ఎదురు ఒత్తిడి అందురు. బ్రౌజరులలో విస్తారముగా వాడుకలోనున్న వెబ్ సాకెట్ సాధనమున అందుకొను వైపు ఈ తూము లేదు. గంటసేపు సంబంధము లేక మరల కలిసిన పాత ఫోనుపైకి వందలాది సందేశములు ఒక్కుమ్మడిగా వచ్చి పడినచో అవి జ్ఞాపకశక్తిలో పేరుకొని తెర స్తంభించును. క్రోమ్ బ్రౌజరులో 2024లో చేర్చిన వెబ్ సాకెట్ స్ట్రీమ్ అను సాధనము ఈ కొరతను తీర్చునదే గాని, అది అన్ని బ్రౌజర్లకు సమానమైన ప్రమాణముగా రూపొందలేదు.

ప్రవాహ సిద్ధాంతము

ఈ దోషములకు మందుగా ప్రతిస్పందనాత్మక విధానమును చూపుట పరిపాటి. మైక్రోసాఫ్ట్ సంస్థలో ఎరిక్ మైయర్ నాయకత్వమున రూపొందిన ఆర్.ఎక్స్. అను గ్రంథాలయము 2009లో వెలువడినది. 2013లో "రియాక్టివ్ మానిఫెస్టో" అను ప్రకటన వచ్చినది. 2014లోని దాని సవరించిన ప్రతి నాలుగు గుణములను కోరుచున్నది: వెంటనే స్పందించుట, దెబ్బ తిని కోలుకొనుట, బరువును బట్టి సాగి ముడుచుకొనుట, సందేశముల ద్వారా నడచుట. 2015లో వెలువడిన రియాక్టివ్ స్ట్రీమ్స్ నియమములు తూము కొరతను తీర్చుటకు యత్నించినవి. అందుకొనువాడు "నాకు ఇన్ని మాత్రమే పంపుము" అని ముందుగా సంఖ్య చెప్పును; అంతకు మించి పంపరాదు. 2017లో జావా 9వ ప్రతి ఈ నియమములను తనలో చేర్చుకొన్నది.

ఈ విధానపు మూలభావన అందమైనది. వచ్చు సందేశములు, నొక్కు మీటలు, గడియారపు టిక్కులు అన్నియు ప్రవాహములే. ఒక ప్రవాహమును వడకట్టవచ్చును, మరియొక దానితో కలుపవచ్చును, చీల్చవచ్చును. తెర ఆ ప్రవాహమునకు ప్రతిబింబము మాత్రమే. వేర్వేరు చోట్ల అతుకులు వేసిన కార్యక్రమము కంటె ఇది స్పష్టముగా నుండును. తప్పు ఎక్కడనో కనుగొనుట తేలిక.

అయినను రెండు సంగతులు దాచరాదు. ఒకటి: "ఇన్ని మాత్రమే" అను కోరిక ఒకే యంత్రములోని భాగముల మధ్య చక్కగా నడచును. అది తీగ దాటి ఆవలి సర్వరును చేరదు. దానిని తీగపై మోసికొనిపోవు నియమమును రచయిత వేరుగా ఏర్పరుపవలెను. లేనిచో తూము బొమ్మ గీసియుండును గాని కాలువలో నీరు ఆగదు.

రెండవది ఇంకను ముఖ్యము. ఆర్.ఎక్స్. ఒప్పందము ప్రకారము ప్రవాహమునకు మూడే వార్తలు: క్రొత్త విలువ వచ్చినది, దోషము కలిగినది, పని ముగిసినది. దోషవార్త వచ్చిన పిమ్మట ఆ ప్రవాహము మరణించును. ఇక విలువ రాదు. సాకెట్ తెగుటను దోషముగా చెప్పుకొన్నచో మొదటి కొండమలుపులోనే ప్రవాహము చచ్చును. మరల ప్రయత్నింపుమను ఆజ్ఞ చేర్చవచ్చును. కాని ఆ ఆజ్ఞ క్రొత్త ప్రవాహమును పుట్టించునే గాని, నడుమ జారిపోయిన సందేశములను తిరిగి తేజాలదు. సిద్ధాంతము తెగుటను అపవాదముగా తలచుచున్నది. ఉదయగిరి దారిలో తెగుట నియమము, నిలుచుటయే అపవాదము. ఈ తలక్రిందుల దృష్టియే నేటి బోధనలోని మూలదోషము.

దోషమెవరిది?

అట్లని నింద యావత్తు ప్రమాణపత్రముపై మోపుట న్యాయము కాదు. సాల్ట్జర్, రీడ్, క్లార్క్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు 1984లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసమున ఒక వాదము చేసిరి. చేరినదనుటకు సంపూర్ణమైన హామీని నడిమి రవాణా ఈయజాలదు; ఇరు కొసలనున్న కార్యక్రమములే ఈయగలవు. ఇది నేటికిని చెల్లుచున్నది. టి.సి.పి. "పొట్లము యంత్రమును చేరినది" అని చెప్పగలదు. "సందేశము భద్రపరచబడినది" అని గాని, "మనిషి చదివెను" అని గాని చెప్పలేదు. కావున రసీదు పద్ధతిని వెబ్ సాకెట్‌లో చేర్చకపోవుట లోపము కాదు. మూసిన పెట్టెలో వేసిన ఉత్తరమును చెప్పక పారవేయుట బ్రౌజరు సాధనపు లోపము. రసీదు పద్ధతిని నేర్పకనే సందేశ యంత్రము సిద్ధమైనదని ప్రకటించుట బోధకుల లోపము. గొట్టమునిచ్చి తపాలా కచేరీ ఇచ్చితిమనుట వంటిది ఇది.

చేయవలసిన నిర్మాణము

తపాలా కచేరీని నిర్మించుటకు కావలసినవి అయిదు ఏర్పాటులు.

మొదటిది, పంపబోవు సందేశమును ముందుగా ఫోనులోనే వ్రాసి దాచుట. మీట నొక్కగానే సందేశము సాకెట్‌కు కాక, ఫోనులోని పెట్టెకు పోవలెను. సాకెట్ తెరచియున్నపుడు పెట్టెలోనివి వరుసగా పోవును. విద్యుత్తు పోయినను, కార్యక్రమము మూతపడినను ఉత్తరము పెట్టెలోనే యుండును.

రెండవది, ప్రతి సందేశమునకును పంపువాడే ఒక ప్రత్యేక గుర్తును ఇచ్చుట. సందేశము చేరి, రసీదు దారిలో పోయినదనుకొందము. పంపువాడు అదే సందేశమును మరల పంపును. గుర్తు లేనిచో అది రెండుసార్లు కనబడును. గుర్తు ఉన్నచో సర్వరు "ఇది ఇదివరకే అందినది" అని గ్రహించి రసీదును మాత్రము తిరిగి పంపును. రుసుము చెల్లింపు వంటి ప్రభుత్వ సేవలలో ఈ చిన్న గుర్తు లేకపోవుట ఎంత నష్టము తెచ్చునో ఊహింపవచ్చును.

మూడవది, రసీదు రాకముందు పెట్టె నుండి సందేశమును తీసివేయకుండుట.

నాలుగవది, సర్వరు ప్రతి సంభాషణలోని సందేశములకు వరుస సంఖ్య వేయుట. సంబంధము మరల కలిసినపుడు ఫోను "నాకు 412 వరకు అందినవి" అని చెప్పవలెను. సర్వరు 413 నుండి, ఇరవై ఇరవైగా, అడిగిన కొలది పంపవలెను. జారిపోయినవి దొరకును, తూము కూడ ఏర్పడును.

ఐదవది, మరల కలియుటలో సంయమనము. సర్వరు ఆగి లేచినపుడు లక్షల ఫోనులు ఒకే క్షణమున తలుపు తట్టినచో అది మరల పడిపోవును. అందుచేత 1, 2, 4, 8, 16 సెకండ్లు అను వరుసలో విరామమును రెట్టించుచు, ప్రతి ఫోను ఆ విరామమును కొంత యాదృచ్ఛికముగా మార్చుకొనవలెను. తిరునాళ్ళలో అందరు ఒకే ద్వారమునకు ఎగబడక విడివిడిగా వచ్చినట్లన్నమాట.

వీనికి తోడు ఫోను నిద్రించుచున్నపుడు సాకెట్‌ను పట్టుకొని కూర్చుండుట బ్యాటరీకి చేటు. ఫోను వ్యవస్థ సైతము అట్టి కార్యక్రమమును ఆపివేయును. అప్పుడు కార్యక్రమములన్నింటి పక్షమున ఫోను వ్యవస్థయే ఉంచుకొను ఉమ్మడి మార్గముపై మేలుకొలుపు రావలెను. సాకెట్ మెలకువ వేళకు మాత్రమే.

ఇన్ని ఏర్పాటుల తరువాత ప్రతిస్పందనాత్మక విధానము తన నిజమైన స్థానమున ప్రకాశించును. తెర చూడవలసిన ప్రవాహము సాకెట్ నుండి కాక, ఫోనులో దాచిన పెట్టె నుండి రావలెను. సాకెట్ తెగినను పెట్టె ప్రవాహము తెగదు. తెగుట దోషవార్త కాక, "సంబంధము లేదు" అను మామూలు విలువగా మారును.

వాట్సాప్ ఎట్లున్నది?

వాట్సాప్ 2009లో పుట్టినది. దాని సర్వర్లు టెలిఫోను ఎక్స్ఛేంజిల కొరకు ఎరిక్సన్ సంస్థలో రూపొందిన ఎర్లాంగ్ భాషలో వ్రాయబడినవి. ఒక్క సర్వరుపై 20 లక్షలకు మించిన సంబంధములు నిలుపగలిగితిమని ఆ సంస్థ 2012 జనవరిలో ప్రకటించినది. జనసామాన్యము దానిని నమ్ముట సంబంధముల సంఖ్యను చూచి కాదు, టిక్కు గుర్తులను చూచి. గడియారపు బొమ్మ ఉన్నచో సందేశము ఇంకను ఫోనులోనే యున్నది. ఒక టిక్కు సర్వరునకు చేరినట్లు. రెండు టిక్కులు ఎదుటి ఫోనునకు చేరినట్లు. నీలిరంగు చదివినట్లు, ఇది 2014 నవంబరులో వచ్చినది. కొసల మధ్య రసీదు అను సూత్రమును కోట్లాది జనులకు కంటితో చూపిన ఘనత ఈ చిన్న గుర్తులది.

అదే సంస్థ 2015 జనవరిలో విడుదల చేసిన బ్రౌజరు రూపము వెబ్ సాకెట్‌పై నడచును. ఆరంభమున అది యజమాని ఫోనునకు అద్దము మాత్రమే. ఫోను సంబంధము తెగినచో బ్రౌజరు కూడ మూగపోయెడిది. 2021లో బహుయంత్ర విధానమును ప్రవేశపెట్టిన పిమ్మటనే బ్రౌజరునకు స్వతంత్రత కలిగినది. నిపుణులైన వారికి సైతము ఈ చిక్కు తేల్చుటకు ఆరేండ్లు పట్టినది. ముప్పది పంక్తుల పాఠమును చూచి తృప్తిపడువారు ఈ సంగతిని గుర్తింపవలెను.

తరగతి గదిలో పరీక్ష

ఈ విషయమును ఉన్నత పాఠశాలలో రెండు ఫోనులతో చూపవచ్చును. ఒక ఫోనులో ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడ ఆపి, మూడు సందేశములు వ్రాసి పంపవలెను. గడియారపు బొమ్మలు కనబడును. ఆ ఫోనును ఆర్పి మరల వెలిగించవలెను. సందేశములు ఇంకను ఉన్నవా? తరువాత సంబంధమును కలిపి, అవి ఏ వరుసలో పోయినవో, ఏదైన రెండుసార్లు పోయినదో చూడవలెను. పిమ్మట రెండవ ఫోనును సంబంధము లేకుండ ఉంచి, ఒక టిక్కు ఎంతసేపు నిలుచునో పరిశీలింపవలెను. ఇదే పరీక్షను విద్యార్థులు తాము వ్రాసిన చిన్న సందేశ యంత్రముపై జరిపినచో పాఠము పూర్తియగును. అందు తప్పిన సందేశమొక్కటి, పది వ్యాసములు చెప్పలేని సంగతిని చెప్పును.

వెబ్ సాకెట్ మంచి సాధనము. ప్రతిస్పందనాత్మక విధానము మంచి ఆలోచన. రెండును తెగని తీగను మనసులో ఉంచుకొని బోధింపబడుచున్నవి. ధ్రువపత్రములు, పరీక్షా ఫలితములు ఈ మార్గమున పోవుచున్న కాలమున ఒక సందేశము తప్పుట కేవలము సాంకేతిక లోపము కాదు. ఒక విద్యార్థికి గడువు తప్పుట కావచ్చును. కావున రేపటి యంత్రములను వ్రాయబోవు విద్యార్థులకు మొదటి పాఠము సాకెట్‌ను తెరచుట కాక, తెగినపుడు సందేశమును ఎక్కడ దాచవలెననునది కావలెను. జలదంకి నుండి ఉదయగిరికి పోవు బస్సులో నమ్మకముగా పనిచేసిన యంత్రము హైదరాబాదు, చెన్నపట్నములలో తప్పక పనిచేయును. ఆ నగరములలో మాత్రమే పరీక్షింపబడిన యంత్రమునకు ఈ బస్సులో హామీ లేదు.